పొగయు బలమును: డీజిలు పికప్పు ట్రక్కుల కథ

గత వేసవి సెలవులకు ముందు, విజ్ఞానశాస్త్ర పాఠము ముగిసిన పిమ్మట, మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు బల్ల యొద్దకు వచ్చి యొక ప్రశ్న యడిగెను. అమెరికా దేశపు పికప్పు ట్రక్కులు కారుమేఘమువంటి పొగను గ్రక్కుచు పరుగెత్తు చిత్రమును వాడు చూచి యుండెను. "మాస్టారూ, పొగ ఎక్కువ వచ్చే బండికే బలం ఎక్కువ కదండీ?" అనునది వాని ప్రశ్న. కాదని మేము వెంటనే చెప్పితిమి. కాని యెందుకు కాదో వివరించుటకు ఆనాడు వ్యవధి చాలలేదు. ఇంతలో బడి గంట కొట్టిరి. అప్పుడు చెప్పలేకపోయిన దానిని ఈ సంచికలో వ్రాయుచున్నాము.

పికప్పు ట్రక్కనగా ముందు భాగమున మనుష్యులు కూర్చుండుటకు గదియు, వెనుక మూతలేని తొట్టియు గల బండి. అమెరికాలో రైతులును, ఇండ్లు కట్టువారును, గుఱ్ఱములను పెంచువారును దీనిని విశేషముగా వాడుదురు. తొట్టిలో సామాను వేసికొనుటకంటె, వెనుక నింకొక బండిని తగిలించి నాలుగైదు టన్నుల బరువు నీడ్చుకొనిపోవుట దాని ఘనకార్యము. అట్టి బరువుతో కొండదారి నెక్కునప్పుడు ఇంజను రొప్పుచుండగా, ఇంకను కొంత బలమున్న బాగుండునని యజమానునకు తోచుట సహజమే. ఆ కోరికనుండి యొక పెద్ద వ్యాపారమే పుట్టినది. కర్మాగారమునుండి వచ్చిన ఇంజనులో మార్పులు చేసి, దానినుండి రెండింతలు మూడింతలు బలమును రాబట్టుటయే ఆ వ్యాపారము.

ఈ మార్పులు తెలియవలెనన్న ముందుగా డీజిలు ఇంజనుయొక్క మూలసూత్రము తెలియవలెను. సైకిలు చక్రమునకు గాలి కొట్టునప్పుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మీరందఱు నెఱుగుదురు. గాలిని నొక్కినకొలది అది వేడెక్కును. రుడాల్ఫ్ డీజెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈ చిన్న సంగతినే యాధారముగా గొని, 1897లో ఆగ్స్‌బర్గు నగరమున తన ఇంజనును జయప్రదముగా నడిపించెను. సిలిండరులోని గాలిని పిస్టను పదునేడవ వంతునకు నొక్కినచో దాని వేడి 500 డిగ్రీల సెంటిగ్రేడును మించును. ఆ క్షణమున సన్నని రంధ్రములగుండ చమురును చిమ్మిన, నిప్పురవ్వ లేకయే అది భగ్గున మండును. 1900లో పారిస్ ప్రదర్శనమున ఇట్టి ఇంజను నొకదానిని వేరుసెనగ నూనెతో నడిపి చూపిరి. వేరుసెనగ పండు సీమలోని మనము ఈ ముక్కను మఱవరాదని యిక్కడ వ్రాసితిమి గాని, ప్రస్తుతమునకు దీనితో పనిలేదు.

ప్రస్తుతమునకు ముఖ్యమైన సంగతి వేఱొకటి. పెట్రోలు ఇంజనులో కాలితో మీటను త్రొక్కినపుడు గాలి వచ్చు ద్వారము తెఱచుకొనును. డీజిలు ఇంజనులో అట్లు కాదు. గాలి యెప్పుడును దాని యిష్టము వచ్చినంత లోనికి వచ్చుచునే యుండును. మీటవలన పెరుగునది, తరుగునది చమురు మాత్రమే. కావున ఇంజను బలము పెంచుట మొదటి చూపునకు మిక్కిలి సులభముగా కనబడును. చమురు ఎక్కువ పోయుము, బలము ఎక్కువ వచ్చును! ఇది యర్ధసత్యము. ఈ యర్ధసత్యమును నమ్మి యెందఱో తమ ఇంజనులను కరగించుకొనిరి.

ఉదాహరణమునకు 1989 సంవత్సరపు నమూనాగా వచ్చిన డాడ్జ్ రామ్ బండిని తీసికొందము. దానిలో కమ్మిన్స్ కంపెనీవారి ఆరు సిలిండరుల, 5.9 లీటర్ల ఇంజనును అమర్చిరి. అది సుకుమారమైన కారు ఇంజను కాదు. పొలము పనుల యంత్రములకును, కర్మాగారములకును, లారీలకును పనికివచ్చునట్లు నిర్మించిన మోటు ఇంజను. బరువు దాదాపు 500 కిలోగ్రాములు. దాని శక్తి 160 అశ్వశక్తులే గాని, ఇరుసును త్రిప్పు బలము, అనగా టార్కు, 400 అడుగు-పౌనులు. ఇంత బరువైన ఇనుమునుండి ఇంత తక్కువ శక్తినే తీయుట యేల యని మీరడుగవచ్చును. లక్షల మైళ్లు చెడక నడువవలెనని నిర్మాతలు చాల మిగులు నుంచిరి. ఆ మిగులే మార్పులు చేయువారికి పెట్టుబడి యైనది.

1994 నుండి ఈ ఇంజనునకు బాష్ కంపెనీవారి పి-7100 అను పంపును జతపఱచిరి. ఆరు సిలిండరులకు ఆరు చిన్న పంపులు వరుసగా నిలిచి, ఒకే పెట్టెలో నుండును. వీని నన్నిటిని కలుపుచు ఒక పండ్లకమ్మి యుండును. అది ముందునకు జరిగినకొలది చమురు హెచ్చును. ఎంతవఱకు జరుగవచ్చునో నిర్ణయించునది బొటనవ్రేలంత ఉక్కురేకు. ఆ రేకు అంచు వంపును బట్టియే ఇంజను ఏ వేగమున నెంత చమురు త్రాగవలెనో తీర్మానమగును. యజమానులు ఈ రేకును తీసి, అంచును ఆకురాయితో రాచి, లేదా వేఱొక వంపుగల రేకును కొని పెట్టి, ఒక్క సాయంకాలములో పదులకొలది అశ్వశక్తులను సంపాదించిరి. కంప్యూటరు లేదు, తీగెలు లేవు. ఒక రెంచి, ఒక ఆకురాయి చాలును. ఆ పాత పంపునకు నేటికిని గిరాకి తగ్గకుండుటకు ఇదియే కారణము. వేగమును అదుపులో నుంచు గవర్నరు స్ప్రింగులను మార్చుట, రంధ్రములు పెద్దవైన ఇంజెక్టరు నాజిళ్లను వేయుట దీని తరువాతి మెట్లు.

ఇప్పుడు విద్యార్థి ప్రశ్నకు వత్తము. ఒక కిలో డీజిలు పూర్తిగా మండుటకు సుమారు 14.5 కిలోల గాలి కావలెను. లీటర్లలో చెప్పిన, లీటరు డీజిలునకు పదివేల లీటర్లకు పైగా గాలి యన్నమాట. ఇది లెక్కకు మాత్రమే చాలును. సిలిండరులో చమురు తుంపురులు గాలితో కలియుటకు దొరకు వ్యవధి కనుఱెప్పపాటులో ఎన్నవ వంతో! కాబట్టి పొగలేక మండవలెనన్న, లెక్కకు వచ్చినదానికంటె మూడవవంతో సగమో యధికముగా గాలి యుండవలెను. మన 5.9 లీటర్ల ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన కడుపు నిండ గాలి పీల్చును. నిమిషమునకు 2500 చుట్లు తిరిగిన, తానుగా పీల్చు గాలి సుమారు 7400 లీటర్లు. ఇక లెక్క మీరే వేయుడు. ఆ గాలితో నిమిషమునకు అరలీటరు చమురు బాగుగా మండును. ముప్పాతిక లీటరు పోసిన తప్పక మిగులును. గాలి దొరకక మండని చమురులోని బొగ్గుపదార్థమే మసి. నల్లని పొగ యనగా, ధర పెట్టి కొని, ఇంజనులో పోసి, పనికి రాకుండ గొట్టముగుండ పాఱవేసిన చమురు. పొగ బలమునకు గుఱుతు కాదు. గాలి చాలలేదనుటకు గుఱుతు.

గాలి చాలనప్పుడు గాలిని తెచ్చుకొనవలెను. దీనికి ఉపాయమును స్విట్జర్లండు దేశీయుడగు ఆల్ఫ్రెడ్ బ్యూహి యనునతడు చూపి, 1905లో హక్కుపత్రము పొందెను. ఇంజను వదలు పొగ వేగమునకు ఒక చిన్న చక్రమును త్రిప్పి, ఆ చక్రపు ఇరుసు రెండవ కొన నున్న మఱియొక చక్రముచే బయటిగాలిని లోనికి త్రోయించుటయే ఆ ఉపాయము. దీనినే టర్బో యందుము. నిమిషమునకు లక్ష చుట్లు తిరుగుట దానికి మామూలు. రామ్ బండికి టర్బో మొదటినుండియు నున్నది; అది చదరపు అంగుళమునకు సుమారు 20 పౌనుల లోపు ఒత్తిడితో గాలిని త్రోయును. చమురు పెంచినవారు దానిని తీసి పెద్ద టర్బోను పెట్టి, ఒత్తిడిని 40 పౌనులకు, అంతకు మించియు తెచ్చుకొందురు. అయితే సైకిలు పంపు సంగతి యిచ్చటను మఱవరాదు. 40 పౌనులకు నొక్కిన గాలి దాదాపు 200 డిగ్రీలకు వేడెక్కును. వేడిగాలి పలుచన, ఎక్కువ చోటులో తక్కువ గాలి. కనుక దానిని సిలిండరులోనికి పంపుటకు ముందు, రేడియేటరు వంటి పెట్టెలో చల్లార్చవలెను. పెద్ద టర్బోతో మఱియొక చిక్కు గలదు. పెద్ద చక్రము తిరుగనారంభించుటకు ఆలస్యమగును. ఈలోపల చమురు మాత్రము వచ్చిపడును. బండి కదలునప్పుడు నల్లని పొగ విడుచుట చాలవఱకు ఈ ఆలస్యమువలననే. గాలి వత్తిడి వచ్చువఱకు చమురును పట్టియుంచుటకు పంపుమీద నొక తోలుతిత్తి వంటి సాధనము నమర్చి యున్నారు. కొందఱు దానిని సడలించి పొగను గొని తెచ్చుకొందురు. ఇది మాకు బొత్తిగా బోధపడని వేడుక.

చమురు, గాలి రెండును పెరిగిన తరువాత నిజమైన హద్దు ఎదురగును. అది వేడి. రెండు వేఱు లోహముల తీగెల కొనలు కలిపి వేడిచేసిన విద్యుత్తు పుట్టునని 1821లో సీబెక్కు అనునతడు కనుగొనెను. ఈ సూత్రముతో జేసిన ఉష్ణమాపకమును ఇంజను పొగగొట్టములో, టర్బోకు ముందు, చొప్పించి, ముల్లును చోదకుని కన్నులయెదుట నుంచుదురు. ఎక్కువసేపు బరువు లాగునప్పుడు ఆ ముల్లు 1250 డిగ్రీల ఫారెన్‌హీటు దాటరాదని అనుభవజ్ఞులు చెప్పుదురు. అది సుమారు 675 డిగ్రీల సెంటిగ్రేడు. మీలో చుఱుకైన వారు ఇచ్చట నన్ను నిలిపి, అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును గదా, అల్యూమినియపు పిస్టను ఇంకను ఎట్లు నిలిచియున్నదని యడుగవలెను. సమాధానమిది. ఆ వేడి పొగది గాని లోహముది కాదు. ప్రతి మంట తరువాతను చల్లని గాలి వచ్చి పిస్టను తలను కడుగును. అడుగునుండి ఇంజను నూనె చిమ్ముచు చల్లార్చుచుండును. సిలిండరు గోడల వెనుక నీరు తిరుగుచుండును. వచ్చు వేడికిని పోవు వేడికిని తూకము సరిపోయినంతకాలము పిస్టను బ్రతుకును. చమురు పెంచి గాలి పెంచనివాడు ఈ తూకమును చెఱచుచున్నాడు. పందెపు బాటలో పది సెకండ్లు పరుగెత్తి నిలిచినవానికి ముల్లు 1500 చూపినను ప్రమాదము తప్పవచ్చును. అదే బండి వెనుక గుఱ్ఱపు బండిని కట్టి అరగంట కొండ నెక్కినచో పిస్టను అంచు మైనమువలె జాఱును. నూతనముగా ఇంజను బలము పెంచదలచిన వారు మొట్టమొదట కొనవలసినది బలము పెంచు వస్తువు కాదు, ఈ ఉష్ణమాపకమే యని మా యభిప్రాయము.

మా చిన్ననాట మా యింటి ప్రక్క రైతు నొకనికి 5 అశ్వశక్తుల డీజిలు పంపుసెట్టు ఉండెను. నీరు చాలుటలేదని యతడు చమురు మరను బిగువు సడలింపించెను. నల్లని పొగ వచ్చినది. నీరును కొంచెము హెచ్చినది. నెల తిరుగకుండ పిస్టను పట్టివేసినది. వరి పొట్టకు వచ్చిన దినములు. మఱమ్మతు జరుగు వారము రోజులును ఇంటిల్లిపాదియు కాలువ గట్టున నిలిచి గూడవేసిరి. మేమును ఒక పూట త్రాడు పట్టుకొంటిమి. ఆ చేతుల బొబ్బలవలననే కాబోలు, ఈ విషయము మాకు నేటికిని చదువుగా తోచదు.

ఇంజను నిలిచెననుకొందము. తరువాత నేది? సిలిండరులోని ఒత్తిడి హెచ్చినకొలది పైమూతను లేవనెత్తజూచును. హెడ్డు గాస్కెటు పోవును. అందుచే మూతను బిగించు బోల్టులను తీసి, వానికంటె గట్టి ఉక్కు స్టడ్డులను వేయుదురు. అంతట క్లచ్చు ప్లేటు జాఱును. దానిని మార్చిన గేరుపెట్టె వగచును. డాడ్జ్ బండిలోని ఆనాటి స్వయంచాలక గేరుపెట్టె యీ విషయమున మిక్కిలి అపకీర్తి గన్నది. ఇంజనునకు పెట్టినంత ధనమును దానికిని పెట్టినవారు పెక్కుమంది. ఇంత చేసి బ్రేకులను మఱచువారును గలరు. ఇంజను బలము మూడింతలైనను బ్రేకులు కర్మాగారమువారు వేసినవే! ఎక్కుటకు బలము కొనుక్కొన్న వాడు దిగుటకును కొనుక్కొనవలదా?

ఈ ఇంజనులో నొక చిత్రమైన లోపము గలదు. ముందు భాగమున పండ్లచక్రముల పెట్టెను సరియైన చోట కూర్చుండబెట్టుటకు ఒక చిన్న ఉక్కు మేకును కొట్టియుందురు. ఏండ్లతరబడి అదరుటవలన ఆ మేకు వదులై, జాఱి, తిరుగుచున్న పండ్లచక్రముల నడుమ పడవచ్చును. అప్పుడు పెట్టె పగులును. చక్రముల పండ్లు విఱుగును. అమెరికా వారు దానికి "చంపెడు మేకు" అను అర్థము వచ్చు పేరే పెట్టిరి. నివారణోపాయము అతిసులభము: మేకు తల కడ్డముగా ఒక చిన్న రేకును ప్రక్కనున్న బోల్టుక్రింద బిగించిన జాలును. అయినను వేలకొలది డాలర్ల టర్బోను కొన్నవారు ఈ చిన్నరేకు సంగతి వాయిదా వేసి, ఇంజనును పోగొట్టుకొనుట కలదు.

1998 నడుమనుండి ఈ బండ్లలో చమురు లెక్కను విద్యుత్పరికరములు చేపట్టినవి. 2003 నుండి కమ్మిన్స్ ఇంజనులోను, 2001 నుండియే జనరల్ మోటార్సు వారి డ్యూరామాక్స్ ఇంజనులోను, చమురును ఒకే గొట్టములో మహాపీడనమున నిలువయుంచి, కంప్యూటరు ఆజ్ఞ చొప్పున చిమ్ము పద్ధతి వచ్చినది. దానితో ఆకురాయి పని తగ్గి, కంప్యూటరులోని లెక్కలను మార్చువారి పని హెచ్చినది. పద్ధతి మాఱెను గాని తూకము మాఱలేదు. మీటలు నొక్కి లెక్క మార్చినను మండుటకు కావలసిన గాలి యంతయే. కరగు లోహము నదియే.

ఇంతవఱకు చెడినది యజమానుని సొత్తు. ఇకమీద చెప్పబోవునది ఇరుగుపొరుగువారి ఊపిరి. డీజిలు పొగ మనుష్యులకు పుట్టకురుపు వ్యాధిని గలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంఘము 2012లో నిర్ణయించినది. 2007 నుండి అమెరికాలోని క్రొత్త డీజిలు పికప్పులకు మసిని పట్టు జల్లెడ వంటి పెట్టెను పొగగొట్టములో పెట్టుచున్నారు. కొలది యేండ్లకు యూరియా నీటిని చిమ్మి నత్రజని విషవాయువులను విఱుచు సాధనమును చేర్చిరి. ఇవి ధరగలవి, అప్పుడప్పుడు మూసికొనిపోవును, పట్టిన మసిని కాల్చుటకు కొంత చమురు ఖర్చగును. కోపము వచ్చిన యజమానుల కష్టము మాకు తెలియకపోలేదు. కాని పెక్కుమంది వానిని బాగుచేయించుటకు మాఱుగా ఊడబెఱికి, వాని జాడలేకయే ఇంజను నడుచునట్లు కంప్యూటరును మార్పించిరి. 1970 నాటి స్వచ్ఛవాయు శాసనమును, దాని తరువాతి సవరణలును ఇట్టి తొలగింపును నిషేధించుచున్నవి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థవారు 2020 నవంబరులో వేసిన లెక్క ప్రకారము, అంతకు ముందు దాదాపు పదేండ్లలో ఇట్లు బోసిచేసిన డీజిలు పికప్పులు 5,50,000కు మించినవి. ఆ బండ్లు తమ జీవితకాలములో అధికముగా వదలు నత్రజని వాయువులు 5,70,000 టన్నులకు పైమాట. చెడని బండ్లను తొంబది లక్షలకు పైగా క్రొత్తగా రోడ్లమీదికి దింపినంత కీడు అని వారు పోల్చి చెప్పిరి.

తప్పంతయు యజమానులదే యనుటయు న్యాయము కాదు. రామ్ బండ్ల ఇంజనులలో పరీక్షలను తప్పించు ఉపాయములు గలవన్న యభియోగముపై కమ్మిన్స్ కంపెనీవారు 2023 డిసెంబరులో 167.5 కోట్ల డాలర్ల జరిమానా చెల్లించుటకు సమ్మతించిరి. తప్పును మాత్ర మొప్పుకొనలేదు.

వేడుకకై పొగ గ్రక్కుట మఱియొక జాడ్యము. దారినపోవు వారిమీద, సైకిళ్లవారిమీద కావలెనని నల్లని పొగను విడుచుట దీని వినోదము. న్యూజెర్సీ రాష్ట్రము 2015లోను, కొలరాడో 2017లోను దీనిని నిషేధించు చట్టములు చేసినవి. 2021 సెప్టెంబరులో టెక్సాసు రాష్ట్రమున వాలర్ అను ఊరి సమీపమున, సైకిళ్లపై పోవుచున్న వారిమీదికి మీ యీడు బాలు డొకడు డీజిలు పికప్పును నడుపుచు వచ్చి, పొగ విడిచి, ఆ వెంటనే ఆర్గురిని ఢీకొట్టెను. గాయపడినవారిని ఆసుపత్రులకు చేర్చిరి. మా విద్యార్థి చూచిన చిత్రమువంటివే ఆ బాలుడును చూచియుండునేమో.

పొగలేకుండ బలము రాదా? 2019 నమూనా రామ్ బండిలో, మసిజల్లెడయు యూరియా సాధనమును ఉండగనే, 6.7 లీటర్ల కమ్మిన్స్ ఇంజను 400 అశ్వశక్తులను, 1000 అడుగు-పౌనుల టార్కును ఇచ్చినది. 1989 నాటి 160నకును 400నకును ప్రక్కన నీ యంకెలను వ్రాసి చూచుకొనుడు. అమెరికాలో గేల్ బాంక్సు అను పేరుగల ఇంజను నిపుణుడు, పొగ యనగా వ్యర్థమేనని వాదించువాడు, ఒక చిన్న డాడ్జ్ డకోటా పికప్పులో 5.9 లీటర్ల కమ్మిన్స్ ఇంజను నమర్చి, దానినుండి 735 అశ్వశక్తులను తీసెను. 2002 అక్టోబరులో యూటా రాష్ట్రమున బొన్నెవిల్ అను ఉప్పు మైదానముపై ఆ బండి గంటకు 217 మైళ్ల వేగముతో పరుగెత్తి కొత్త హద్దు నెలకొల్పెను. పందెమునకు వచ్చు బండ్లను సాధారణముగా వేఱొక లారీపై నెక్కించి తెత్తురు. ఈ బండి మాత్రము తన సామాను నింపిన తోకబండిని తానే యీడ్చుకొనుచు, మామూలు రోడ్డు వెంట, తన చక్రములపై నడుచుచు ఆ మైదానమునకు వచ్చెను.